పాలపన్నే కదా అన్నారు

మొన్న ఉస్లాపూర్ స్టేషన్‌లో దిగి రాజ్‌కిశోర్ నగర్‌లోని మా ఇంటికి వస్తుంటే, ఆటోలో నా పక్కన కూర్చున్న పెద్దావిడ కొంగు ముడి విప్పి చిన్న రేకు డబ్బా తీసింది. మూత తియ్యగానే మాడిన బెల్లం, తడిసిన పొగాకు కలిసిన వాసన ఆటో అంతా నిండింది. ఆవిడ చూపుడువేలితో ఆ నల్లటి ముద్దను కాస్త తీసుకుని, పెదవి పైకెత్తి, పళ్ళకు నెమ్మదిగా రుద్దుకుంటూ కళ్ళు మూసుకుంది. గుడాఖు. ఈ ఛత్తీస్‌గఢీ ఊళ్ళలో పుట్టి పెరిగినవాళ్ళకు దాని గురించి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెప్పాలంటే, పొగాకునూ బెల్లం మడ్డినీ కలిపి నూరిన ముద్ద అది, పళ్ళు తోముకునే పేరుతో మొదలై ఇక వదలని మత్తు. నేను ముఖం రోడ్డు వైపు తిప్పుకున్నాను. వంతెన మీద నుంచి అర్పా నది ఇసుక మేటలు కనిపిస్తున్నాయి గానీ, నా కళ్ళ ముందు మాత్రం రైల్వే కాలనీలో మా క్వార్టరు వెనక గుమ్మం, ఆ మెట్ల మీద మా మామ్మ, మామ్మ ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్న మా చెల్లెలు చిట్టి.

మాది రెండు గదుల క్వార్టరు. గోడ అవతల యార్డు. బొగ్గు వ్యాగన్లు ఒకదాన్నొకటి ఢీకొన్నప్పుడల్లా మా వంటింట్లో గిన్నెలు గలగలమనేవి, ఆ చప్పుడు లేకపోతే మాకు ఏదో వెలితిగా ఉండేది. నాన్న గూడ్సు బండి గార్డు. డ్యూటీకి పిలుపు ఎప్పుడొస్తుందో, వెళ్ళినవాడు మళ్ళీ ఇంటికి ఎప్పుడొస్తాడో ఆయనకే తెలిసేది కాదు, "నాన్న లైన్లో ఉన్నాడు" అన్నది మా ఇంట్లో అందరి నోళ్ళలో నలిగిన మాట. ఎండాకాలం వడగాడ్పులకు కిటికీలకు వట్టివేళ్ళ తడకలు కట్టి, వాటి మీద నీళ్ళు చల్లి, మధ్యాహ్నమంతా ఆ చీకటి చల్లదనంలో పుచ్చకాయ ముక్కలు తింటూ పడి ఉండేవాళ్ళం. వానలు పడితే ఆరేసిన బట్టల మీద బొగ్గునుసి చారికలు కట్టేది. చలికాలం వస్తే వీధిలో కుంపట్లు వెలిగించుకుని, చుట్టూ చేరి, జామకాయలు ఉప్పూ కారం అద్దుకుని తినేవాళ్ళం. మా క్వార్టర్ల లైనులో సగం ఇళ్ళు శ్రీకాకుళం, పార్వతీపురం వైపు నుంచి వచ్చినవాళ్ళవి, మిగతా సగం ఇక్కడివాళ్ళవి. అందుకని మాకు పండగలు రెట్టింపు, తీపి కూడా రెట్టింపు. ఎద్దులకు చేసే పోలా పండక్కి పక్కింటివాళ్ళు మట్టి ఎద్దుల బొమ్మలతో పాటు పళ్ళేల నిండా బెల్లంతో చేసిన ఖుర్మీలు పంపేవారు, దసరాకి అమ్మ పాకుండలు చేసి డబ్బాలకెత్తేది, ఆ డబ్బా అడుగున మిగిలిన పాకం పొడిని కూడా వేలితో తుడుచుకుని నాకేది చిట్టి.

మామ్మ నాన్నకు అమ్మ. శ్రీకాకుళం జిల్లాలో సముద్రపొడ్డు పల్లెలో పుట్టింది. అక్కడి ఆడవాళ్ళలాగే చుట్టను తిరగేసి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చేది. తాత పోయాక మా దగ్గరికి వచ్చేసింది. ఊరి నుంచి ఎవరు బండెక్కినా మామ్మకు చుట్టల కట్ట తేవలసిందే. అవి అయిపోయిన రోజుల్లో నోరు ఊరుకోక, పక్కింటివాళ్ళు ఇచ్చిన గుడాఖు మొదలుపెట్టి, చివరికి చుట్టలనే మరిచిపోయింది. పొద్దున్నే మా లైనులో ఆడవాళ్ళు చాలామంది వెనక మెట్ల మీద డబ్బాలు పట్టుకుని కూర్చుని, నోట్లో ముద్ద జారిపోకుండా మూతి బిగబట్టి ముచ్చట్లు చెప్పుకునేవారు. తెలుగూ హిందీ ఛత్తీస్‌గఢీ, ఆ ముద్ద వెనక నుంచి వస్తే అన్నీ ఒకే భాషలా వినిపించేవి.

పిల్లల పళ్ళ సంగతి మాత్రం ఎవరికీ పట్టేది కాదు. పొద్దున్న అరచేతిలో ఇంత ఎర్ర పళ్ళపొడి పోస్తే, వేలితో ముందుపళ్ళు నాలుగూ రుద్ది ఉమ్మేసి బడికి పరుగెత్తేవాళ్ళం. బడి గేటు దగ్గర రంగు రంగుల చక్కెర గోలీలు, చింతపండు ఉండలు, గులాబీ రంగు పీచుమిఠాయి. మా క్లాసులో పిప్పిపన్ను లేని పిల్ల అరుదు. మధ్యాహ్నం సెలవులో ఎండకేసి నోళ్ళు తెరుచుకుని, ఒకరి పంటి గుంటలో ఒకరం పురుగు కోసం వెతుక్కునేవాళ్ళం. ఒకసారి నల్లటి గుంటలో ఇరుక్కున్న అన్నం మెతుకును చూసి అదే పురుగని ఒకమ్మాయి ఏడ్చి రచ్చ చేసింది. నొప్పెడితే లవంగం నొక్కిపెట్టేవారు, తగ్గకపోతే వాకుడు గింజలు నిప్పుల మీద వేసి ఆ పొగ నోట్లోకి పట్టించేవారు. ఎవరో ఒకరు చెంప మీద చెయ్యి వేసుకుని వెనక బెంచీలో ముడుచుకుని కూర్చోవడం మా బడిలో రోజూ చూసేదే. పిల్లలకు జలుబు చేసినట్టే పన్నూ నొప్పెడుతుంది, ఊడిపోతే అదే పోతుంది అనుకునేవారు పెద్దలు.

అప్పుడు నేను నాలుగో క్లాసు, చిట్టి రెండో క్లాసు. మనిషి పుల్లలా ఉండేది గానీ గొంతు గట్టిది. శనివారాలు బడిలో పిల్లల చేత హిందీ కవితలు చెప్పించేవారు, చిట్టి చెబితే పక్క గదిలో ఉన్న మాకు వినిపించేది. ఆడపిల్లలం చేతులు పట్టుకుని గిరగిరా తిరుగుతూ ఫుగ్డీ ఆడితే, చివరిదాకా తిరిగి కింద పడకుండా నిలబడేది అదే.

ఆ ఏడు వానాకాలంలో, పోలా పండగ వెళ్ళిన కొత్తలో, చిట్టికి కింది దవడలో వెనకపన్ను నొప్పి మొదలైంది. అమ్మ లవంగం పెట్టింది, ఉప్పునీళ్ళు పుక్కిలింపించింది. లైను నుంచి వచ్చిన నాన్న నిద్ర లేచాక ఆసుపత్రికి తీసుకెళ్తానన్నాడు గానీ, లేచేసరికి మళ్ళీ డ్యూటీ పిలుపు వచ్చింది. అమ్మకు హిందీ అంతంత మాత్రం, ఒక్కతే ఆసుపత్రికి వెళ్ళాలంటే జంకేది. మామ్మ ఆ మాటే కొట్టిపారేసింది.

"పాలపన్నే కదే, దానికి ఆసుపత్రేటి? అదే ఊడిపోతాది."

ఇరుగుపొరుగు ఆడవాళ్ళూ అదే అన్నారు. ఆ పన్ను కింద నుంచి కొత్తది వస్తుంది, దీని కోసం ఎందుకింత హైరానా అని.

నొప్పి మాత్రం తగ్గలేదు. ఒక సాయంకాలం చిట్టి గోడకు తల కొట్టుకుంటూ ఏడుస్తుంటే చూడలేక, మామ్మ తన డబ్బా మూత తీసి, గోటితో ఆవగింజంత ముద్ద తీసుకుని, ఆ పంటి గుంటలో పెట్టింది. చిట్టికి కళ్ళు తిరిగాయి, వాంతి చేసుకుంది, తరవాత మామ్మ ఒళ్ళోనే నిద్రపోయింది. ఎన్నాళ్ళకో పిల్ల కంటిమీద కునుకు పడిందని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మర్నాడు చిట్టే వెళ్ళి మామ్మ ముందు నోరు తెరిచింది. ఆ మర్నాడూ అంతే. కొద్ది రోజుల్లో బడికి వెళ్ళే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి అది మామ్మ దగ్గరికి వెళ్ళడం, ఒళ్ళో తల పెట్టుకుని మెట్ల మీద మత్తుగా పడుకోవడం అలవాటైపోయింది. ఏడుపు ఆగింది. ఏడుపుతో పాటు ఆటా, అల్లరీ, గట్టిగా మాట్లాడటం కూడా ఆగాయి. అన్నం చారులో పిసికి ఒక పక్క నుంచే మింగేది. పాకుండ ఇస్తే చేతిలో పట్టుకుని చూసి, నాకు ఇచ్చేసేది.

బడిలో బెంచీ మీద తల వాల్చి నిద్రపోతోందని వాళ్ళ మేడమ్ కోప్పడింది. ఒక శనివారం కవిత చెప్పమంటే చిట్టి లేచి నిలబడి, పెదాలు కదిలించి, మళ్ళీ చెంప పట్టుకుని ఊరుకుంది. నేర్చుకుని రాలేదని మేడమ్ దాన్ని వరండాలో నిలబెట్టింది. నేను నీళ్ళు తాగడానికి బయటికి వచ్చి చూశాను. గోడ వైపు తిరిగి నిలబడి, ఎడమచేత్తో దవడ అదుముకుని, కుడికాలి బొటనవేలితో నేల మీద ఏదో గీస్తోంది. ఇంటికి వెళ్ళగానే అమ్మకు చెప్పాను.

అమ్మ ఆ రోజే నాన్న డ్యూటీ టార్చి వేసి చిట్టి నోట్లోకి చూసింది. పన్ను పక్కన చిగురు మీద పెసరగింజంత పొక్కు, దాని మొన పచ్చగా ఉంది. ఆసుపత్రికి వెళ్దామంది అమ్మ. అది పగిలితే నొప్పి పోతుందని మామ్మ అంది. మామ్మ చెప్పినట్టే అయింది. రెండు రోజులు తిరక్కుండానే అది పగిలి చీము కారిపోయింది, నొప్పి పోయింది, చిట్టి మళ్ళీ చిట్టి అయింది.

అందుకే ఆ దసరా నాకు అంత బాగా గుర్తు. నాన్నకు ఎప్పుడూ దొరకని పండగ సెలవు ఆ ఏడు దొరికింది. మమ్మల్ని ఇద్దరినీ చెరో చెయ్యి పట్టుకుని దుర్గమ్మ పందిళ్ళన్నీ తిప్పి చూపించాడు. ధూపం పొగలో, డోలు మోతలో, రంగు దీపాల కింద చిట్టి పీచుమిఠాయి తిని పెదాలు గులాబీ రంగు చేసుకుంది. ఇంటి ముందు ఫుగ్డీ ఆడి అందరినీ ఓడించింది. అమ్మ చేసిన పాకుండలు రెండు చేతుల్లో రెండు పట్టుకుని తింది. పండగ అయ్యాక నాన్న లైనుకి వెళ్ళిపోయాడు.

ఆ తరవాత ఒక పొద్దున్న చిట్టి లేచేసరికి గడ్డం కింద వాచి ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. మధ్యాహ్నానికి ఆ వాపు మెడ దాకా దిగి, ముట్టుకుంటే చెక్కలా గట్టిగా తగిలింది. నాలుక పైకి లేచిపోయి, నోట్లో వేడి ముద్ద పెట్టుకుని మాట్లాడుతున్నట్టు మాట్లాడుతోంది. ఉమ్మి మింగలేక పెదాల కొస నుంచి కారిపోతోంది. మామ్మ పసుపు పట్టు వెయ్యబోతే అమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. అమ్మ మామ్మకు ఎదురు చెప్పడం నేను చూసింది అదే మొదలు. పక్కింటాయన రైల్వే కంట్రోలు ఆఫీసుకు వెళ్ళి నాన్నకు కబురు పెట్టించడానికి పరుగెత్తాడు. అమ్మ ఒళ్ళో చిట్టి, పక్కన నేను, రిక్షా ఎక్కాం.

దారిలో చిట్టి నా చెయ్యి పట్టుకుని లాగింది. వంగి చెవి దగ్గర పెడితే గానీ దాని మాట నాకు అర్థం కాలేదు.

"అప్పా, మేడమ్‌కి సెప్పు. నాకు కవిత ఒచ్చు. నోరే తెరుసుకోలేదు."

ఆసుపత్రిలో డాక్టరు చిట్టిని నోరు తెరవమన్నాడు. అది రెండు వేళ్ళు దూరేంత కూడా తెరవలేకపోయింది. ఈ పన్ను ఎప్పటి నుంచి నొప్పెడుతోందని ఆయన అడిగితే, అమ్మ తనకొచ్చిన హిందీలో పోలా పండగ నుంచి అని చెప్పింది. వెంటనే చిట్టిని మంచం మీద తోసుకుంటూ లోపలికి తీసుకెళ్ళారు. పంటి చీము దవడ కింద నుంచి మెడలోకి దిగిందని, ఊపిరి దారి మూసుకుపోతోందని, మెడ కోసి చీము తీసి గొట్టం వెయ్యాలని నర్సు వచ్చి చెప్పింది. సంతకం పెట్టమంటే అమ్మ పెట్టింది. చెయ్యగలిగిందంతా వాళ్ళు చేశారు. మందులు ఎక్కించారు, గొంతులో గొట్టం వేశారు. గొట్టం వేశాక చిట్టి గొంతులోంచి మాట రాలేదు, కళ్ళతో అమ్మను చూసి చేత్తో నీళ్ళు కావాలన్నట్టు సైగ చేసేది, అమ్మ తడిపిన దూదితో పెదాలు అద్దేది.

నాన్నను దారిలో ఎక్కడో బండి దింపి, వేరే గార్డును ఎక్కించి పంపించారు. తెల్ల యూనిఫారంలోనే వచ్చాడు, చుట్టిన జెండాలు చంకలో అలాగే ఉన్నాయి. ఏటయింది అని అడిగాడు. అమ్మ పన్ను అంది. నాన్నకు ఆ మాట అర్థం కాలేదు. "పన్నేటి? పన్నుకి ఇలాగవుతాదా?" అని డాక్టరును, నర్సును, చివరికి తుడిచే మనిషిని కూడా అడిగాడు.

మర్నాడు, బడి వదిలే వేళకు, చిట్టి పోయింది.

వాళ్ళ మేడమ్ ఇంటికి వచ్చి చాప మీద మా మధ్య కూర్చుంది. చిట్టికి కవిత వచ్చని, నోరు తెరుచుకోలేదని చెప్పమందని నేను ఆవిడకు చెప్పాను. ఆవిడ నా తల మీద చెయ్యి వేసి చాలాసేపు తియ్యలేదు.

ఆ రెండు గదుల్లో అమ్మా మామ్మా ఎలా బతికారో ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. మామ్మ గుడాఖు మానడానికి ప్రయత్నించింది, చేతులు వణికి, తలనొప్పితో పడిపోయి, మానలేక మళ్ళీ మొదలుపెట్టింది. కానీ ఎవరికీ కనపడకుండా బొగ్గుల గది వెనక నిలబడి రుద్దుకునేది. మెట్ల మీద కూర్చోవడం మానేసింది. అమ్మ ఆవిడకు వేళకు అన్నం పెట్టేది, నూనె రాసి జడ వేసేది, మాట మాత్రం ఉండేది కాదు. ఒక మధ్యాహ్నం నేను లోపల లెక్కలు చేసుకుంటుంటే, వెనక నుంచి మామ్మ గొంతు వినిపించింది.

"పార్వతీ, నానే సంపుకున్నాను పిల్లని. అను. ఒక్కసారి నోరిడిసి అను."

అమ్మ బియ్యం ఏరుతోంది. చేట చప్పుడు ఆగింది.

"పాలపన్నని మీరు సెప్పినారు అత్తా. నాను నమ్మినాను. మీకు ఎవులో సెప్పినారు, మీరూ నమ్మినారు."

చేట చప్పుడు మళ్ళీ మొదలైంది. మామ్మ ఏడుపు నేను విన్నది ఆ రోజే.

తరవాత అమ్మకు ఒక పట్టుదల వచ్చింది. దాన్ని కాలనీలో కొంతమంది పిచ్చి అన్నారు. సాయంకాలం పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు నాన్న టార్చి పట్టుకుని వీధిలో నిలబడి, కనపడిన పిల్లనల్లా నోరు తెరవమనేది. పిల్లలు మొదట పారిపోయారు. ఒకావిడ మా గుమ్మంలోకి వచ్చి, నీ దుఃఖం నాకు తెలుసు గానీ నా బిడ్డ నోట్లో దాన్ని వెతక్కు అని ముఖం మీదే అంది. అమ్మ తలొంచుకుని విని, మర్నాడు మళ్ళీ టార్చి పట్టుకుంది. ఎవరి చిగురు మీదైనా పొక్కు కనిపిస్తే వాళ్ళమ్మ వెంట తనూ ఆసుపత్రికి వెళ్ళి కూర్చునేది. ఒంటరిగా ఆసుపత్రికి వెళ్ళడానికి జంకే మనిషి, ఆ వచ్చీ రాని హిందీతోనే పళ్ళ డాక్టరు గదిలో నిలబడి, పాలపన్నయినా సరే చూడమని అడిగేది. చిట్టిలాగే దవడ వాచిన ఒక పిల్లకు పన్ను తీసేశారు, ఆ పిల్ల బతికి బట్టకట్టింది. మెల్లగా తల్లులే పిల్లల్ని తీసుకుని మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. బెదిరిన పిల్లలు తల తిప్పేస్తుంటే, ఒకరోజు మామ్మ ఎవరూ పిలవకుండానే లోపల నుంచి వచ్చి, మెట్ల మీద కూర్చుని, ఒక పిల్ల తలను తన ఒళ్ళో పెట్టుకుని పట్టుకుంది. అమ్మ ఒక్క క్షణం ఆగి, టార్చి వెలిగించింది. మామ్మ బతికున్నన్నాళ్ళూ తల పట్టుకునే పని ఆవిడదే.

ఇప్పుడు మామ్మ లేదు, అమ్మా లేదు. ఇప్పుడు బడులకే డాక్టర్లు వచ్చి పళ్ళు చూస్తున్నారట, మంచిదే. లింగియాడీహ్ దాకా ఊరు పెరిగింది, ప్రతి దుకాణం ముందూ తోరణాల్లా తీపి పొట్లాలు వేలాడుతున్నాయి. వీధిలో కుంపట్లు లేవు, గుండ్రంగా తిరిగే ఆడపిల్లలు లేరు, పక్కింటి నుంచి పళ్ళెం మీద గుడ్డ కప్పుకుని వచ్చే ఖుర్మీలు లేవు. తెల్లారేసరికి మెట్ల మీద చేరి మూతి బిగబట్టి మాట్లాడుకునే ఆ ఆడవాళ్ళలో ఎవరు ఎక్కడ ఉన్నారో తెలియదు, వాళ్ళ పిల్లలు ఫోనులో హిందీలో పలకరిస్తారు.

మా లైను క్వార్టర్లు కొట్టేస్తున్నారని తెలిసి, నాన్న చూస్తానంటే తీసుకెళ్ళాను. అప్పటికే సగం నేలమట్టమైంది. మా ఇంటి వెనక గోడ ఒక్కటీ నిలబడి ఉంది. నాన్న ఆ గోడ దగ్గరికి నడిచి, అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. గోడలు కూల్చే యంత్రం నడిపే మనిషి పక్కకు జరగమని కేక వేశాడు. నాన్న వినిపించుకోలేదు. ఆ మనిషి ఏమనుకున్నాడో ఇంజను ఆపేసి, కిందికి దిగి, బీడీ ముట్టించుకుని దూరంగా కూర్చున్నాడు. కాసేపటికి నాన్న, "పద, సాలు" అని నా భుజం పట్టుకున్నాడు. మేం రోడ్డు మీదికి వచ్చాక వెనక యంత్రం మళ్ళీ మొదలైన చప్పుడు వినిపించింది, ఇద్దరం తిరిగి చూడలేదు. ఇప్పుడు అక్కడ కొత్త రైలు లైను వేశారు. అటు వెళ్ళే రైళ్ళలో నేను చాలాసార్లు కిటికీ పక్కన కూర్చుని చూశాను. మా ఇల్లు ఎక్కడ ఉండేదో గుర్తుపట్టేలోగా దాటిపోతుంది, అక్కడ బళ్ళు ఆగవు.